కడగని పైపులు

ఎల్.బి. నగర్,
నవంబరు, సోమవారం.

పాత పైపులు కడగకుండానే వాటికి కొత్త బాయిలర్ తగిలించావు. పైగా వాటిని కడిగింది నేనేనని హాస్టల్ ఓనరు బాపిరాజు గారికి చెప్పావు.

పైన బావా అని రాయబుద్ధి కాలేదు, అందుకే ఖాళీగా వదిలేశాను. దీనికి కాగితమెందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే ఎత్తవు. ఎత్తినా రెండు మాటలు కాగానే "ఇగో, మీ అక్కతోని మాట్లాడు" అని స్వప్నక్క చేతికిచ్చి బయటికి పోతావు. అక్క ఏడుస్తుంది. నేను నోరు మూసుకుంటాను. కాగితాన్ని అట్లా చేతులు మార్చలేవు. నీ పేరు రాసి, అంటించి, మీ బాటసింగారం పండ్ల మార్కెట్‌కు రోజూ వచ్చే డ్రైవర్ తిరుపతి ట్రాలీ ఆటోలో పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

పెద్దమ్మ దినాలకు నేను ఊరికి పోయే ముందు మనం ఏమనుకున్నాం? దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్లో పాత బాయిలర్ విప్పి పక్కన పెట్టాం. నేను తిరిగొచ్చాక తుప్పు వదిలించే మందు కలిపిన నీళ్ళను మోటారుతో అన్ని అంతస్తుల పైపుల్లోనూ తిప్పాలి. ఒకసారి అటు నుంచి కొట్టాలి, ఒకసారి ఇటు నుంచి. తెల్లనీళ్ళు వచ్చేదాకా కడిగి అప్పుడు కొత్తది బిగించాలి. నేను వచ్చి చూస్తే కొత్త బాయిలర్ మెడలో బంతిపూల దండ వేసుకుని మండుతోంది. మందు డబ్బా మెట్ల కింద నేను పెట్టిన చోటే ఉంది. మూత సీలు కూడా విప్పలేదు.

నాకు చదువు లేదు. పదో తరగతి తప్పి నీ వెంట పానా పట్టుకున్నవాణ్ణి. కానీ పాతది విప్పినప్పుడు పైపులో వేలు పెట్టి చూసింది నేనే కదా. బొటనవేలు పట్టాల్సిన పైపులో చిటికెన వేలు ఇరుక్కుంది. లోపలంతా బోరు నీళ్ళ సున్నం పెంకులు కట్టి, వాటి మీద తుప్పు బురద పేరుకుని ఉంది. పాత బాయిలర్ పెద్ద డ్రమ్ము, ఆ బురద దాని అడుగున పడి ఉండేది. కొత్తదానిలో నీళ్ళు పోయే దారులు సన్నం. బురద వాటిలోకి పోతే ఇంకెక్కడికీ పోదు. అక్కడే గట్టిపడుతుంది. దాని వెనక నీళ్ళు కాగి కాగి ఆవిరవుతాయి.

అప్పుడే చప్పుడు మొదలైంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు. చెల్లె మౌనిక గది బాయిలర్ గదికి ఆనుకునే ఉందని నీకు తెలుసు. దాని మంచం ఆ గోడకే ఉంది. "అన్నా, గోడ గురక పెడుతుంది" అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

వచ్చి విప్పు. ఇద్దరం కలిసి కడుగుదాం.

మహిపాల్


బాటసింగారం,
నవంబరు, గురువారం.

బామ్మర్ది మహిపాల్‌కు మీ బావ ఉపేంద్ర దీవెనలు.

నీ ఉత్తరం అందింది. తిరుపతి "ఏంది ఉపేంద్రన్నా, లవ్ లెటరా?" అని మార్కెట్ గేటు దగ్గర పదిమందిలో అడిగాడు. నీ వల్ల నా ఇజ్జత్ పోయింది.

ఏం రా, యూట్యూబ్ చూసి ఇంజనీరు అయినవా? నువ్వు నా దగ్గర చేరినప్పుడు పానా ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. ఇప్పుడు బాయిలర్‌కు జ్వరం వచ్చిందో జలుబు చేసిందో నువ్వు చెబుతున్నావు. సంతోషం.

జరిగింది విను. నువ్వు ఊళ్ళో ఉన్నావు. హాస్టల్లో ఆడపిల్లలు చన్నీళ్ళు పోసుకుని తుమ్ముతున్నారు. బాపిరాజు గారి అమ్మ హనుమాయమ్మ గారు పంతులు గారిని పిలిపించారు. ఆయన మూఢం వస్తోంది, అది మొదలైతే రెండు నెలల దాకా కొత్తది ఏదీ ముట్టించకూడదన్నాడు. ముహూర్తం ఆ పొద్దుటికే ఉందన్నాడు. ఇక నేనేం చేయాలి? "మా బామ్మర్ది రావాలె, గప్పుడే ముట్టిస్త" అనాలా? ఆ ముసలామె అడ్డం తిరిగితే ఆ ఇంట్లో చీమ కూడా కదలదని నీకు తెలియదా? కింద నట్టు విప్పి, పైనుంచి టాంకు నీళ్ళు వదిలి, వచ్చినంత బురద పోనిచ్చాను. అదీ కడగడమే. బాపిరాజు గారు అడిగితే కడిగించాను అన్నాను. ఎవరితో అంటే నీ పేరు చెప్పాను. నా దగ్గర పనిచేసేది నువ్వు కాక ఎవరున్నారు? మంచి పేరే కదా ఇచ్చింది.

చప్పుడంటావా, కొత్త చెప్పులు కూడా నాలుగు రోజులు కిర్రుమంటాయి. పాత పైపులకు, కొత్త బాయిలర్‌కు జత కుదరాలి. కుదురుతుంది.

నేను రాలేను. ఇక్కడ మామిడి, అరటి మాగబెట్టే గదులకు పైపులు వేస్తున్నాం. ఈ పని ఇప్పించింది కూడా బాపిరాజు గారే, ఓనరు ఆయన బావగారు. వదిలేసి ఎట్లా వస్తాను?

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకు. మౌనికకు ఆ హాస్టల్లో మంచం ఊరికే దొరికింది. కానిస్టేబుల్ పరీక్ష అయ్యేదాకా ఉండమన్నారు. అది నా మొహం చూసి ఇచ్చారు. నువ్వు పోయి అక్కడ లొల్లి పెడితే ఆ మంచం సంగతి ఏమవుతుందో కూడా ఆలోచించు.

మీ అక్క నిన్ను అడిగిందని రాయమంది.

ఉపేంద్ర


ఎల్.బి. నగర్,
డిసెంబరు, మంగళవారం.

బావకు,

నువ్వు రాసినదంతా చదివాను. రాయనిది నిన్న నా కళ్ళతో చూశాను.

పై అంతస్తులో నీళ్ళు వేడిగా రావడం లేదు. కుళాయి తిప్పితే ముందు ఎర్రగా వస్తాయి, తర్వాత గోరువెచ్చగా. పైపు పూడుకుపోతే పైదాకా ఎట్లా పోతాయి? పైన ఉన్న పిల్లలు వార్డెన్ నాగేశ్వరక్క మీద పడుతున్నారు. ఆమె పొద్దున్నే వచ్చి బాయిలర్ మీది బటన్ తిప్పి వేడి పెంచుతోంది. నేను వెళ్ళి తగ్గిస్తే, నేను గేటు దాటగానే మళ్ళీ పెంచుతోంది.

"అక్కా, గా బటన్ ముట్టకు, నీకు దండం పెడుత" అన్నాను.

"నువ్వు నాకు పెడ్తవు దండం, గా పోరీలు నాకు పెడ్తరు తిట్లు. ఒక్కదినం నువ్వు వార్డెన్ పని చెయ్యి, నేను నీ పానా పట్టుకుంట" అంది.

ఆమెను ఏమనాలి? పైన చల్లగా వస్తున్నాయని ఆమె కింద ఇంకా కాగబెడుతోంది. కాగినవి పైకి పోవడం లేదు. కిందే ఉండి ఇంకా కాగుతున్నాయి. నీళ్ళు ఎంత వేడెక్కాయో చూసి మంటను ఆపే పుల్ల ఒకటి లోపల ఉంటుంది కదా, అది బురదలో కూరుకుపోయి ఉంటే ఎంత కాగినా దానికి తెలియదు. మంట ఆగదు. ఇది నేను ఊహించి రాస్తున్నాను, విప్పి చూడలేదు. తప్పైతే బాగుండు.

అన్నీ చెడినా సేఫ్టీ వాల్వు ఉందిలే అనుకున్నాను. కుక్కర్ మీద బిళ్ళ ఉన్నట్టు, లోపల ఆవిరి మితిమీరితే అది తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. పాత బాయిలర్‌కు మేడమీదికి ఆవిరి పోయే పైపు ఉండేది. కొత్తది మూసిన రకం. దీనికి దిక్కు ఆ వాల్వు ఒక్కటే. అది ఎట్లా ఉందో చూద్దామని దాని మీద కప్పిన ఎర్రగుడ్డ, నిమ్మకాయల దండ తీశాను.

వాల్వు నోటికి డమ్మీ బిగించి ఉంది. ఇనుప బిరడా. దాని మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. కుక్కర్ బిళ్ళను సీసంతో అతికించి పొయ్యి మీద పెట్టినట్టు ఉంది. గోడ అవతల నా చెల్లె గట్టిగా చదువుకుంటోంది, ఆ గొంతు వినిపిస్తోంది.

నాగేశ్వరక్కను అడిగాను. పూజ రోజు సంగతి ఆమె చెప్పింది. వాల్వు లోంచి చుక్క చుక్క నీళ్ళు ముగ్గు మీద పడుతున్నాయట. హనుమాయమ్మ గారు చూసి, "అలా నీళ్ళు కారకూడదు నాయనా, ఇంట్లో లక్ష్మి నిలవదు. ముహూర్తం దాటకముందే ఆపు" అన్నారట. ఎవరితో అన్నారో నాగేశ్వరక్కకు గుర్తులేదట. అందరూ దండాలు పెట్టుకుంటున్నారట.

వాల్వు ఊరికే కారదు. కడగని పైపులోంచి ఒక సున్నం పలుకు వచ్చి దాని నోట్లో ఇరుక్కుంది, అందుకే కారింది. కారితే వాల్వు విప్పి తుడవాలి. దాని నోరు మూస్తారా?

డమ్మీ విప్పబోతే నాగేశ్వరక్క చెయ్యి పట్టుకుంది. ఉపేంద్ర లేకుండా ఎవరూ బాయిలర్‌ను ముట్టొద్దని సార్ చెప్పిండంట. మౌనికను గది మారమన్నాను. "వేరే మంచం లేదన్నా. ఉన్నా నేనొక్కదాన్ని పోతే మిగతా ముగ్గురికి ఏం చెప్పాలె? నాకు భయమైతుంది, మీరు పండుకోండి అని చెప్పాల్నా?" అంది.

ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఆ డమ్మీ ఎవరు పెట్టారు?

మహిపాల్


బాటసింగారం,
డిసెంబరు, శనివారం.

ప్రియమైన మహిపాల్‌కు,

నువ్వు భయపడుతున్నావని తెలిసి నాకు అన్నం సయించలేదు. నువ్వు మంచి పనివాడివి. నేను ఎగతాళి చేసి రాసింది మనసులో పెట్టుకోకు. పనివాడికి భయం ఉండాలి, ఉంటేనే చేతులు కాళ్ళు దక్కుతాయి.

ముందు ఇట్లా చెయ్యి. వేడిని నలభై ఐదు దగ్గర పెట్టి, బటన్ మీద టేపు చుట్టు. నాగేశ్వరికి నేను ఫోన్ చేసి చెబుతాను. పై అంతస్తు వాళ్ళను కింద స్నానాల గదులు వాడుకోమను. ఆ చప్పుడు తగ్గకపోతే పొద్దున గంట, సాయంత్రం గంట మాత్రమే నడపమను. నేను అమావాస్య దాటగానే ఒక పూట వచ్చి అన్నీ చూస్తాను. అప్పటిదాకా ఏమీ కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నా చేతుల మీద ఒక్క బాయిలర్ పేలలేదు.

ఆర్పి పెట్టమని మాత్రం అడగకు. హనుమాయమ్మ గారు ఒప్పుకోరు. ఇప్పుడు మూఢం నడుస్తోంది. ఆర్పితే మళ్ళీ ముట్టించడానికి ముహూర్తం లేదంటారు. రెండు నెలలు హాస్టల్ అంతా చన్నీళ్ళే. ఆ కోపం ఎవరి మీద పడుతుంది?

బాపిరాజు గారి దగ్గరికి పోకు. ఇది బతిమాలి రాస్తున్నాను. ఆయన మంచివాడే, కానీ ఒకసారి నమ్మకం పోతే గేటు లోపలికి రానివ్వడు. అక్కడ నా మాట పోతే ఇక్కడ ఆయన బావగారి దగ్గరా పోతుంది. మీ అక్కకు ఐదో నెల. నీకు చెప్పొద్దంది, దిష్టి తగులుతుందని. నేను చెబుతున్నాను. రెండుసార్లు నిలవలేదు, నీకు తెలుసు. దవాఖాన డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఈ లొల్లి ఆమె చెవిన పడకూడదు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకో. నువ్వు చెడాలని చెప్పడం లేదు, నీ మంచికే. పైపులు కడిగింది మహిపాల్ అని బాపిరాజు గారి మనసులో ఉంది. ఇప్పుడు కడగలేదు అంటే ముందుగా ఆయన నిన్నే అడుగుతాడు.

చల్లగా ఉండు. నేను వస్తాను.

మీ బావ


ఎల్.బి. నగర్,
డిసెంబరు, గురువారం.

ఉపేంద్ర గారికి,

అన్నిటికీ జవాబు రాశారు. నేను అడిగిన ఒక్క ప్రశ్నకు తప్ప. అక్క కడుపుతో ఉన్న సంగతి నాకు సంతోషంగా చెప్పాల్సింది, దాన్ని తెచ్చి నా నోటికి అడ్డం పెట్టారు.

నిన్న పొద్దున ఏమైందో రాస్తున్నాను.

అందరూ స్నానాలకు లేచే వేళ మౌనిక ఫోన్ చేసింది. మాట్లాడలేదు, ఫోన్‌ను గోడకు పెట్టింది. ఆ చప్పుడు నేను నా గదిలో కూర్చుని విన్నాను. ఇక గులకరాళ్ళు కావు, ఎవరో లోపలి నుంచి సుత్తితో కొడుతున్నట్టు ఉంది. మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి హాస్టల్ వాకిట్లో పిల్లలు తువ్వాళ్ళతో నిలబడి ఉన్నారు. రెండో అంతస్తులో గీత అనే పిల్ల కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదట, ఆవిరి ఉమ్మిందట. మణికట్టు మీద తోలు ఊడి తెల్లగా ఉంది. ఆ పిల్ల ఏడవడం లేదు. చెయ్యి దూరంగా పట్టుకుని దాన్నే చూస్తోంది. ఎవరో టూత్‌పేస్టు రాయబోతుంటే, వద్దని చెప్పి చన్నీళ్ళ కింద పెట్టించి దవాఖానకు పంపాను.

బటన్ చివరిదాకా తిప్పి ఉంది. మీరు చుట్టమన్న టేపు దాని కిందే వేలాడుతోంది. బాయిలర్ గదిలోకి పోతే మొహం మాడింది. గ్యాస్ బండల దగ్గరికి పోయి వాటిని కట్టేశాను. మంట ఆరిన తర్వాత కూడా ఆ సుత్తి చప్పుడు ఆగలేదు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికి పోయే ధైర్యం లేదు, వదిలి పోయే ధైర్యమూ లేదు.

బాపిరాజు గారు వచ్చారు.

"ఏమయ్యా, ఎవర్నడిగి ఆర్పావు?"

"ఎవర్నీ అడగలేదు సార్. పైపులు కడగలేదు. అందుకే గిట్లయింది."

"కడగలేదా? కడిగింది నువ్వేగా! మీ బావ నా ఎదురుగా నిలబడి చెప్పాడు."

"నేను అప్పుడు ఊళ్ళె ఉన్న సార్. మా పెద్దమ్మ దినాలకు పోయిన."

"అంటే పని ఎగ్గొట్టి ఊరెళ్ళావన్నమాట. ఇప్పుడు ఆ పిల్ల చెయ్యి కాలితే మీ బావ మీదికి తోస్తున్నావు. వాళ్ళ నాన్న కేసు పెడితే నీ పేరే చెప్తాను, చూసుకో. మీ చెల్లెల్ని కూడా సామాను సర్దుకోమను."

డమ్మీ చూపించాను. ఆయన దాని మీది బొట్టు చూశారు. "అది ఉపేంద్ర బిగించిన సామాను. తెలిసే బిగించి ఉంటాడు" అన్నారు. ఆయనకు మీ మీద అంత నమ్మకం. నాకు ఏడుపు వచ్చినంత పని అయింది.

ఇంతలో హనుమాయమ్మ గారు కర్ర పట్టుకుని వచ్చారు. మూఢంలో మంట ఆరిందని వినగానే అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. నేను ఆమె ముందు నేల మీద కూర్చుని చెప్పాను. "అమ్మా, గీ గోడ అవతల నా చెల్లె పండుకుంటది. నాకు చదువు రాదు, నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వది. నాకు భయమైతుందమ్మా."

ఆమె కొడుకుతో, "పూజ గదిలో అఖండం ఉందిగా. ముట్టించిన రోజు ఆ దీపంతోనే ముట్టించాం. అది ఆరనంతకాలం ఇదీ ఆరనట్టే. ఆ దీపం తెచ్చి ఇక్కడ పెట్టండి" అన్నారు. గ్యాస్ బండల పక్కన దీపమా! "అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, ఇక్కడొద్దు, పూజ గదిలనే ఉండని" అన్నాను. "సరే, అక్కడే ఉండనీలే. ఎందుకలా వణుకుతావు?" అన్నారు.

అట్లా ఆగింది. కానీ ఆదివారం దాకానే. ఆదివారం ఆ దీపంతో మళ్ళీ ముట్టించాలని బాపిరాజు గారు చెప్పారు. ఉపేంద్ర వచ్చి కాదంటే తప్ప.

అమావాస్య దాటింది. మీరు రాలేదు.

మహిపాల్


బాటసింగారం,
డిసెంబరు, శుక్రవారం.

మహిపాలూ,

తిరుపతి ఆటో స్టార్ట్ చేసి నిలబడ్డాడు, గబగబా రాస్తున్నా. ఆ పిల్ల చెయ్యి ఎట్లా ఉంది? మొహానికి ఏమీ తగలలేదు కదా?

డమ్మీ విప్పుతావు, నాకు తెలుసు. నేను వద్దన్నా ఆగవు. అందుకే చెబుతున్నాను. చెయ్యి పెడితే పూర్తిగా చల్లగా తగలాలి, అప్పటిదాకా ముట్టకు. ఎదురుగా నిలబడకు, మొహం వంచి చూడకు. ఎడమ పక్కకు నిలబడి పెద్ద పానాతో తిప్పు. దారం రెండు వరుసలు చుట్టి ఉంది, మీద సఫేదా లప్పం కూడా పూసి ఉంది. ఊరికే రాదు. ఒక్కసారిగా లాగకు, సగం మర తిప్పి ఆగు. చప్పుడు వస్తే వదిలేసి బయటికి పో. మౌనికను, ఆ గదిలో వాళ్ళందరినీ ముందు బయటికి పంపు.

బాపిరాజు గారికి నేను చెప్పలేను. ఎట్లా చెప్పాలో ఆలోచిస్తున్నాను. ఫోన్ తీసి ఆయన నంబరు దాకా పోయి ఆగాను. ఇక్కడి ఓనరు రోజూ ఆయనతో మాట్లాడుతాడు. మీ అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, నేను ఏం రాస్తున్నానో అడగడం లేదు.

ఆదివారం ముట్టించకుండా ఎట్లాగైనా ఆపు. నువ్వు ఆపగలవు.

ఉపేంద్ర


ఎల్.బి. నగర్,
డిసెంబరు, మంగళవారం.

బావా,

దారం ఎన్ని వరుసలు చుట్టి ఉందో, సఫేదా ఎక్కడ పూసి ఉందో బిగించినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. జవాబు దొరికింది. ఇక ఆ ప్రశ్న అడగను.

నువ్వు చెప్పినట్టే చేశాను. నాగేశ్వరక్క ఈసారి చెయ్యి పట్టుకోలేదు. పిల్లలను తనే బయటికి పంపింది. "జర పైలం తమ్మీ" అని గేటు దగ్గర నిలబడింది. ఎడమ పక్కకు నిలబడి సగం మర తిప్పి ఆగాను. మళ్ళీ సగం. డమ్మీ చేతిలోకి వచ్చింది. దాని వెనక నుంచి నీళ్ళు వస్తాయని, బురదైనా వస్తుందని కళ్ళు మూసుకున్నాను.

ఏమీ రాలేదు. ఒక్క చుక్క కూడా.

వాల్వు మీది చిన్న మీటను లేపితే నీళ్ళు చిమ్మాలి కదా. అది లేవలేదు. పానాతో లేపబోతే విరిగింది. వేలు పెట్టి చూశాను. డమ్మీ వెనక సున్నం, తుప్పు కలిసి గడ్డకట్టి సిమెంటులా ఉంది. డమ్మీ తీసేస్తే గండం గడుస్తుందని నేను ఇన్ని రోజులు అనుకున్నాను. వాల్వు ఎప్పుడో చచ్చింది. ఆ పొద్దున సుత్తి చప్పుడు వస్తున్నప్పుడు, ఆ పిల్లలంతా లోపల ఉన్నప్పుడు, దాన్ని ఆపేది ఏదీ లేదు. గీత కుళాయి తిప్పింది. ఆవిరికి ఆ పిల్ల చెయ్యి దొరికింది. ఆ పిల్ల తిప్పకపోతే ఏమయ్యేదో నేను రాయలేను.

అప్పటి నుంచి కుక్కర్ కూత వేస్తే కూడా ఉలిక్కిపడుతున్నాను. పక్కింటివాళ్ళు నవ్వుతున్నారు.

మొన్న ఆదివారం ముట్టించలేదు. నేను ఆపలేదు, ఆపింది హనుమాయమ్మ గారు. గీతను చూడ్డానికి దవాఖానకు పోయి వచ్చి, "ఈ వారం వద్దు" అన్నారు. అంతకంటే ఏమీ చెప్పలేదు. కానీ పిల్లలు చన్నీళ్ళతో దగ్గుతున్నారు, నలుగురు ఇంకో హాస్టల్‌కు మారారు. బాపిరాజు గారు పొద్దున నన్ను పిలిచి, ఈ ఆదివారం ముట్టిస్తానని, వేరే మేస్త్రీని మాట్లాడానని చెప్పారు. ఆ మేస్త్రీ వచ్చి చూశాడు. వాల్వు చూపించి చెప్పాను. "కొత్త వాల్వు వేద్దాం తియ్యి, గంట పని" అన్నాడు. పైపులు కడగాలి అంటే, "కడిగిండ్రంట గదా, సార్ చెప్పిండు" అన్నాడు.

కొత్త వాల్వు వేస్తే మళ్ళీ అదే బురద వచ్చి దాని నోట్లో కూర్చుంటుంది. అది మళ్ళీ కారుతుంది. కారితే ఎవరో ఒకరు మళ్ళీ డమ్మీ బిగిస్తారు. నీకు ఇప్పుడైనా అర్థమైందా? నువ్వు చెప్పిన ఆ ఒక్క మాట ఆ ఇంట్లో నిలబడి ఉన్నంతకాలం ఎవరూ ఆ పైపులు విప్పరు. నేను గొంతు చించుకున్నా పని ఎగ్గొట్టినవాడి మాట కిందే పోతుంది. ఆయన నమ్మేది నిన్ను. ఆ మాటను వెనక్కి తీసుకోగలిగేదీ నువ్వే.

మౌనిక సామాను సర్దలేదు. బాపిరాజు గారు రెండోసారి చెప్పినా వినలేదు. "నేను పోతే గీ మంచం మీదికి ఇంకో అమ్మాయి వస్తది. ఆమెకు అన్న ఉన్నడో లేడో" అంది. తిట్టాను. తిట్టి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వాణ్ణి వీణ్ణి తిట్టడం తప్ప నాకు ఇంకేం చేతనైతుంది?

నాకు భయంగా ఉంది. నీకూ భయంగా ఉంది, నీ అక్షరాలు వంకరపోయాయి. నీ భయం నాకు అర్థమైంది. ఇక్కడ మాట పోతే అక్కడ పని పోతుంది, పని పోతే అక్క మంచం దగ్గర నువ్వు ఏం చెప్పి కూర్చుంటావు? అదంతా నిజమే. కానీ ఆ గోడ అవతల ఉన్న ఆడపిల్లలెవరికీ నీ భయం సంగతి తెలియదు. వాళ్ళు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు.

బాపిరాజు గారి పేరుకు నువ్వు నీ చేతితో ఉత్తరం రాయాలి. పైపులు కడగలేదని, మహిపాల్ ఆ రోజు ఊళ్ళో ఉన్నాడని, వాల్వు నోరు నువ్వే మూశావని, బాయిలర్ విప్పి పైపులన్నీ కడిగేదాకా ముట్టించవద్దని. కింద సంతకం పెట్టు. కడిగే పని నేను చేస్తాను, నువ్వు రానవసరం లేదు. మందు డబ్బా ఉంది, నా చేతులు ఉన్నాయి. అక్కకు నేనేమీ చెప్పను, ఆ మాట నమ్ము.

రాయకపోతే ఆదివారం పొద్దున ఆ పిల్లలందరినీ నేను దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదికి తీసుకొస్తాను. ఎందుకు తెచ్చానని పోలీసులు అడిగితే నీ పేరు, నీ ఊరు, నువ్వు పనిచేసే చోటు చెబుతాను. అప్పుడు అక్కకు నువ్వే చెప్పుకోవాలి.

తిరుపతి శుక్రవారం సాయంత్రం మార్కెట్ గేటు దగ్గర ఆటో ఆపుతాడు. నీ ఉత్తరం అతని చేతికి రావాలి. శనివారం అయితే నాకు అక్కర్లేదు.

మహిపాల్